దూలంలో గడ్డి

ఆ కారు ఛాసిస్‌ను నేను నలభై రెండు చోట్ల పొడిచి చూశాను. ఎడమ దూలం మీద ఇరవై ఒకటి, కుడి దూలం మీద ఇరవై ఒకటి. ప్రతి చోటా ముందు చిన్న సుత్తెతో ఒక దెబ్బ, తరవాత మొనదేలిన ఉక్కు పంచ్‌తో ఒక పోటు. దెబ్బకు ఎట్లా మోగిందో ఒక గడిలో, మొన ఎంత లోతు దిగిందో పక్క గడిలో రాసుకున్నాను. దిగకపోతే సున్నా. అవతలికి దూసుకుపోతే అడ్డగీత. నోటుబుక్కులో మొత్తం పదిహేడు అడ్డగీతలు పడ్డాయి. సాబ్‌కు ఇచ్చిన కాగితంలో మాత్రం వాటిని ఐదు చేశాను.

మిగిలిన పన్నెండు ఎక్కడికి పోయాయో ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

మాది హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం. నవాబుల కాలపు ఒక పాత దేవిడీ భవంతి వెనక గుర్రాల కోసం కట్టిన రాతి కొట్టం ఉండేది. గుర్రాల కాలం పోయాక మా తాత దాన్ని కిరాయికి తీసుకుని బర్రెలను కట్టాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించిన ఏడాదికి అక్కడ పద్నాలుగు బర్రెలుండేవి. పదిహేనో బర్రె కట్టవలసిన చోట, కొట్టం చివర, ఒక కారు ఉండేది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, సైకిలుకు ఉన్నట్టు చువ్వల చక్రాలు, ముదురాకుపచ్చ రంగు. ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు.

అది దేవిడీ వారి చిన్న కొడుకుది. బస్తీ అంతా ఆయనను సాబ్ అనే పిలిచేది. పదకొండేళ్ళ కిందట బొంబాయిలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ తాళంచెవి మా నాన్న చేతిలో పెట్టి, "యే మేరీ అమానత్ హై" అన్నాడట. అమానత్ అంటే నమ్మి అప్పగించిన వస్తువు. ఆ మాట బస్తీలో అందరికీ తెలుసు, దాని బరువూ తెలుసు. అప్పగించినవాడు తిరిగి వచ్చి అడిగిన రోజున, ఇచ్చింది ఇచ్చినట్టు చేతిలో పెట్టాలి. అది వాడుకోవడానికి లేదు. పాడు కానివ్వడానికీ లేదు.

బాపు వాడుకోలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సీటులో కూర్చోలేదు. చిన్నప్పుడు నేను ఒకనాడు ఎక్కి కూర్చుంటే కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. రోజూ పొద్దున బర్రెలను కడిగాక, బకెట్ తొలిచి, కొత్త నీళ్ళు తోడి, కారును కడిగేవాడు. పైన, పక్కలు, తలుపులు తీసి లోపలి నేల కూడా. బర్రె కొమ్ములకు నూనె రాసే రోజున అదే నూనెతో కారు మెరుపు పట్టీలు తుడిచేవాడు. దసరాకు ముక్కు మీద పసుపు కుంకుమ. వానలకు ముందు, రోడ్డు వేసేవాళ్ళ దగ్గర ఒక డబ్బా తారు అడిగి తెచ్చి, కారు కింద పడుకుని, చేతికి అందిన చోటల్లా పూసేవాడు.

"ఆ మోటర్‌ను, నన్ను పక్కపక్కన నిలవెడితే, మీ బాపు నన్ను గుర్తువట్టడు బిడ్డా," అనేది అమ్మ.

"గుర్తువడత, ఎందుకు గుర్తువట్ట? మోటర్ లొల్లి చెయ్యది," అనేవాడు బాపు.

ఆ చలికాలం సాబ్ తిరిగి వచ్చాడు. జుట్టు నెరిసింది, కొంచెం ఒళ్ళు చేశాడు. కొట్టంలోకి వచ్చి, పేడ తొక్కకుండా రాయి మీంచి రాయి మీదికి అడుగు వేసుకుంటూ కారు దగ్గరికి వెళ్ళి, గోనెపట్టా తీయించి, చుట్టూ ఒకసారి తిరిగాడు. మెరుపు పట్టీలో ముఖం కనిపించింది. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మియా, మేరీ అమానత్ కైసీ హై?"

"ఆప్ దియే వైసీచ్ హై సాబ్," అన్నాడు బాపు. మీరు ఇచ్చినప్పుడు ఎట్లుందో అట్లే ఉంది అని.

సాబ్ బాపు భుజం మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు. ఆ వారమంతా బాపు ఆ సంగతి చాయ్ హోటల్లో, దాణా దుకాణంలో, పాలు పోసిన ప్రతి గుమ్మంలో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ భుజం ఒకటి కొద్దిగా పైకి లేచేది, చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టు.

సాబ్‌కు ఆ కారును బొంబాయికి తీసుకుపోవాలని ఉంది. లారీలో కాదు, తనే నడుపుకుంటూ. పదకొండేళ్ళు నిలబడిన బండి, అంత దూరం, నడుమ ఘాట్లు. ఇంజన్ సంగతి ఆబిడ్స్ నుంచి వచ్చిన మెకానిక్ చూసి ఫరవాలేదన్నాడు. "కింద ఛాసిస్ మాత్రం ఎవరైనా తెలిసినవాళ్ళు చూడాలె," అని సాబ్ అన్నాడు.

"నా కొడుకు లేడా సాబ్? గదే చదివిండు," అన్నాడు బాపు.

అట్లా ఆ పని నాకు వచ్చింది.

ఛాసిస్ అంటే కారుకు వెన్నెముక. ఈ కారులో అది నిచ్చెనలా ఉంటుంది. ముందు నుంచి వెనక దాకా రెండు ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డంగా ఐదు పట్టీలు. దూలాలు గట్టి కడ్డీలు కావు. నాలుగు పక్కలా మూసిన పెట్టెలు, లోపల బోలు. బోలు కాబట్టి తేలిక, మూసింది కాబట్టి బలం. లోపలికి నీళ్ళు చేరితే కారిపోవడానికి అడుగున అక్కడక్కడ చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు వదులుతారు. ఇదంతా నాకు పుస్తకం నుంచి తెలుసు. కారు కింద పడుకోవడం అదే మొదలు.

పడుకుని టార్చి వేస్తే రంధ్రాలు కనబడలేదు. నల్లగా, నున్నగా, చివరి నుంచి చివరికి తారు. పదకొండు వానాకాలాల తారు, పొర మీద పొర. చూడటానికి చాలా బాగుంది. రంధ్రం ఉండవలసిన చోటు కొలుచుకుని పంచ్‌తో గీకాను. తారు పెచ్చు ఊడింది. దాని వెనక ఏదో మెత్తగా తగిలింది. లాగితే వచ్చింది: వరిగడ్డి. మెలిపెట్టి, బిరడాలా చేసి, రంధ్రంలో కుక్కిన గడ్డి. అది ఊడగానే గోధుమరంగు నీళ్ళు నా చెంప మీద పడ్డాయి. గ్లాసెడు ఉంటాయేమో. వాటికి మా కొట్టం వాసనే ఉంది.

నాకు వెంటనే అర్థమైంది. కొట్టంలో ఎలుకలెక్కువ. కారులో ఎక్కడ సందు కనబడితే అక్కడ ఎలుకలు దూరతాయని బాపు రంధ్రాలన్నిటినీ గడ్డితో మూసి, ఊడకుండా తారు పూశాడు. పైన రోజూ కడిగాడు. కడిగిన నీళ్ళు నేల పగుళ్ళలోంచి దూలంలోకి దిగాయి. పోవడానికి దారి లేదు. పదకొండేళ్ళు రెండు దూలాలూ మూత పెట్టిన కుండల్లాగా నీళ్ళు పట్టుకుని కూర్చున్నాయి. ఎవరూ తాకకుండా ఒక మూల వదిలేసి ఉంటే పైన దుమ్ము పట్టేది, మెరుపు పోయేది, ఛాసిస్ మాత్రం బతికేది.

"ఎట్లుందిరా?" పైనుంచి బాపు గొంతు. ఆయన చెప్పులు, మడమ దగ్గర ఎండిన పేడ, నా ముఖానికి మూరెడు దూరంలో ఉన్నాయి.

గడ్డిని తిరిగి రంధ్రంలో పెట్టాను. తారు పెచ్చును బొటనవేలితో దాని మీద అదిమాను.

"మంచిగనే ఉంది బాపు."

"నేను జెప్పలే?" అన్నాడు. చెప్పులు వెళ్ళిపోయాయి.

మర్నాడు ఉస్తాద్ వచ్చాడు. పురానాపూల్ దగ్గర ఆయనకు గ్యాస్ వెల్డింగ్ షెడ్డుంది. తోపుడు బండి మీద రెండు సిలిండర్లు కట్టించుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, కనుబొమలు సగం ఎప్పుడో కాలిపోయాయి.

"క్యా ఇంజనీర్ సాబ్, కిందికి దిగుతవా, కాగితం మీదనే గాడీ బాగుచేస్తవా?"

ఇద్దరం దిగాం. ఆయన సుత్తె తీయలేదు. వేలి గోరుతో దూలం పొడుగునా టక్ టక్ మనిపిస్తూ, చెవి ఆనిస్తూ పోయాడు. నా నలభై రెండు చోట్లు ఆయనకు అక్కర్లేకపోయాయి. బయటికి వచ్చి, బాపు దూరంగా దాణా కలుపుతున్నాడని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"ఇస్మే లోహా నై మియా. పాపడ్ ఉన్నది. లోపట నుంచి తిన్నది. చాసీ మార్చుడే."

మార్చడానికి దారి కూడా ఆయన దగ్గరే ఉంది. గుడిమల్కాపూర్ అవతల ఒక షెడ్డు వెనక ఇదే రకం కారు పడి ఉందట. సీట్లు కాలిపోయాయి, పైభాగం పనికిరాదు, కింది చట్రం మాత్రం వంకరపోకుండా ఉంది. ఈ కారు పైభాగాన్ని ఊడదీసి పక్కన పెట్టి, ఆ ఛాసిస్‌ను తెచ్చి కింద అమర్చాలి. పాత దూలం మీద నంబరు గుద్ది ఉన్న ముక్కను కోసి కొత్తదాని మీద అతికించాలి. కాగితాల్లో కారు అదే కారుగా ఉంటుంది. అట్లా అతికించడం చట్టం ఒప్పుతుందా అని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పట్లో షెడ్లలో అందరూ చేసే పని అది.

ఆ మధ్యాహ్నం గడ్డిమోపుల మీద కూర్చుని నోటుబుక్కులో పేజీ నడుమ గీత గీశాను. ఎడమ పక్క మార్చడం, కుడి పక్క పాత దూలం మీదే రేకు అతుకులు వేయడం. ఎడమ పక్క నిండిపోయింది. కుడి పక్కకు ఒక్క కారణమే ఉంది, దాన్ని రాయలేను.

మార్చాలంటే పైభాగం ఎత్తాలి. పాత ఛాసిస్ వాకిట్లో వెల్లకిలా పడుతుంది. సాబ్ చూస్తాడు, బస్తీ చూస్తుంది. నంబరు ముక్క కోసేటప్పుడు దూలం తెరుచుకుంటుంది. అందులోంచి గడ్డి రాలుతుంది. ఆప్ దియే వైసీచ్ హై సాబ్. ఆ మాట అన్న మనిషి అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. అతుకులైతే పైభాగం ఎత్తకుండా, కింది నుంచే, ఉస్తాద్ నేను ఇద్దరమే చేసుకోవచ్చు. మూడు మిల్లీమీటర్ల రేకు పైనుంచి కప్పి గ్యాస్ మంటతో కాల్చి అతికిస్తే లోపల ఏముందో ఎవరికీ కనిపించదు.

అయితే రేకు అతుక్కోవాలంటే కింద ఇనుము ఉండాలి. ఘాట్ రోడ్డు మీద, మలుపులో, ఆ అతుకు విడితే స్టీరింగ్ పట్టుకున్నది సాబ్. అది నాకు తెలుసు. మెల్లగా నడిపితే ఏం కాదు అని రాసుకున్నాను. రాసుకుని, మెల్లగా అన్న మాట కింద గీత కూడా గీశాను, గీత గీస్తే నిజమవుతుందన్నట్టు.

ఇక మార్చకూడదనడానికి కారణాలు వెతికాను. చదువు ఇందుకు బాగా పనికివచ్చింది. నిప్పులో కాలిన ఉక్కు మెత్తబడుతుంది, దాని బలం నమ్మలేం: ఇది పుస్తకంలో ఉంది. పైభాగం ఎత్తితే దాని లోపలి చెక్క చట్రం విరగవచ్చు: నిజమే. నంబరు ముక్క అతికిస్తే అసలు విలువ పోతుంది: అదీ నిజమే. ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. అడ్డగీతలు ఐదు. "తుప్పుకు కారణం" అన్న చోట "గాలిలో తేమ" అని రాశాను. అడుగున సంతకం, సంతకం కింద డిప్లొమా.

సాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివాడు. మధ్యలో ఒకసారి తల ఎత్తి, "నేను మార్పించడానికే సిద్ధపడి వచ్చాను," అన్నాడు ఇంగ్లీషులో. చివరిదాకా చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. నువ్వు రాసినావు కదా, అతుకులే వేయించు."

ఉస్తాద్ మాత్రం సిలిండరు మీద చెయ్యి ఆనించి నన్నే చూస్తున్నాడు.

"కాలిన లోహా మెత్తగైతదా? సీటు కాలితే చాసీ మెత్తగైతదా? ఎవరికి చెప్తున్నవ్ మియా?"

నేను నకలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అచ్ఛా. నీకేదో ఉన్నది. అడగను," అన్నాడు. "లేకిన్ ఒక బాత్ విను. గాడీ లేపాలె. ఘోడీ ఎక్కడ పెట్టాల్నో నువ్వే చెప్పాలె. సుద్దముక్కతో గీసియ్యి. నేను గియ్య."

ఘోడీ అంటే ఇనుప ముక్కాలి. కారును జాకీతో ఎత్తి, దాని కింద ఈ ముక్కాలి నిలబెట్టి జాకీ తీసేస్తారు. బరువంతా దూలం మీద, ఆ అరచేతి వెడల్పు చోటు మీద పడుతుంది. వెనక రెండు ఘోడీలు కావాలి. కుడి దూలం మీద వెనక ఒక చోట నాకు సున్నా వచ్చింది. అక్కడ గుండ్రం గీశాను. ఎడమ దూలం మీద వెనక సున్నా లేదు. ఉన్నవాటిలో మేలైన చోట మొన రెండు మిల్లీమీటర్లు దిగి ఆగింది. ఆగింది కదా అనుకున్నాను. అక్కడ గుండ్రం గీశాను.

మొన ఆగింది ఉక్కులో కాదు. లోపల గట్టిపడిన మట్టిలో. ఇది నాకు తరవాత తెలిసింది.

ఆ శుక్రవారం పొద్దున కారును లేపాం. వెనక చక్రాలు ఊడదీశాం. చక్రం ఉన్న చోట గుండ్రటి బ్రేకు డ్రమ్ము మాత్రం నేలబండకు జానెడు ఎత్తులో వేలాడుతోంది. పన్నెండున్నరకు ఉస్తాద్ చేతులు కడుక్కుని టోపీ పెట్టుకున్నాడు, జుమ్మా నమాజుకు.

"నేనొచ్చేదాకా కింద ఎవ్వరు పోవద్దు. నువ్వు గూడ," అన్నాడు నాతో.

నేను కొట్టం గుమ్మంలో కూర్చుని అతుకు రేకు అంచులను ఆకురాయితో నునుపు చేస్తున్నాను. బాపు బకెట్, తడిబట్ట పట్టుకుని వచ్చాడు.

"సాబ్ మూడింటికి వస్తడంట. కింద జూడు, ఎంత మసి ఉన్నదో. జర తుడుస్త."

"వద్దు బాపు. ఉస్తాద్ రానీ."

"ఆయన పని ఆయనది. తుడుసుడు నా పని గాదా? పదకొండేండ్ల సంది ఎవరు తుడిసిన్రు?"

"బరువు మీద ఉంది బాపు. వద్దన్న గద."

బాపు నవ్వాడు. వంగి కిందికి చూసి, దూలం మీద తెల్లగా ఉన్న గుండ్రాన్ని వేలితో చూపించాడు. "నువ్వే గీసినవ్ గద, మంచిగున్నదని? నువ్వు గీసినంక ఇంగేం ఫికర్?"

ఆయనను ఆపగలిగిన మాట ఒక్కటే ఉంది. ఆ గుండ్రం అబద్ధం, ఆ దూలంలో ఇనుము లేదు, దాన్ని తిన్నది నీ నీళ్ళు, నీ గడ్డి. ఆకురాయి నా చేతిలో రేకు మీద ఆగిపోయి ఉంది. ఆ మాట నోటి దాకా వచ్చిందని చెప్పుకుంటే నాకు తేలికగా ఉంటుంది. రాలేదు. ఆయన వెల్లకిలా పడుకుని భుజాలతో పాకుతూ లోపలికి వెళ్ళాడు. తడిబట్ట బండ మీద పిండిన చప్పుడు, దూలం మీద రుద్దుతున్న చప్పుడు వినిపించాయి. నేను మళ్ళీ ఆకురాయితో రేకు అంచు రుద్దడం మొదలుపెట్టాను.

పెద్ద శబ్దం ఏమీ రాలేదు. ఎండిన మట్టిగడ్డ కాలి కింద నలిగినట్టు ఒక చప్పుడు. కారు ఎడమ వెనక మూల జానెడు కుంగి ఆగిపోయింది. తరవాత బర్రెలన్నీ ఒకేసారి లేచి నిలబడ్డాయి.

ఘోడీ తల దూలం అడుగును చీల్చుకుని లోపలికి దిగింది. డ్రమ్ము బండ మీద కూర్చుంది. బండకు డ్రమ్ముకు నడుమ బాపు కుడి చెయ్యి ఉంది, బట్టతో సహా. ఆయన అరవలేదు. నేను జాకీ తోసి, లివరు తిప్పి, కారు లేపి, చెయ్యి విడిపించడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. అన్నీ లెక్కపెట్టే నేను అది లెక్కపెట్టలేదు. టార్చి అక్కర్లేకుండానే చూశాను, చీలిన దూలంలోంచి గోధుమరంగు నీళ్ళు ఆయన ఛాతీ మీద పారుతున్నాయి. బనీను మీద, మెడ దగ్గర, నల్లబడిన గడ్డి కుప్పగా పడి ఉంది. ఆయన కళ్ళు ఆ గడ్డినే చూస్తున్నాయి.

సర్కారు దవాఖానాలో చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. బొటనవేలు ఉంచారు గాని అది ఇక మడతపడదన్నారు. బర్రె పాలు పిండాలంటే బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టాలి. ఆ సంగతి డాక్టరుకు తెలియదు. చెయ్యి నిలిచింది, సంతోషించండి అన్నాడు.

మొదటి రోజు బాపు అడిగింది ఒక్కటే. "మోటర్‌కు ఏమన్న అయిందా?"

రెండో రోజు అమ్మ బయటికి వెళ్ళినప్పుడు, పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

"గడ్డి నాదే గదరా?"

"అవ్ బాపు."

"ఎలకలు పోతయని పెట్టిన."

"ఎర్కే."

"నువ్వు ముందే చూసినవా?"

"చూసిన."

పక్క మంచం మీద ముసలాయన దగ్గుతున్నాడు. "మరి జెప్పకపోతివి," అన్నాడు బాపు. కోపంగా అనలేదు. పాలు తక్కువ పోసిన గుమ్మంలో లెక్క సరిచూసుకునేటప్పుడు అన్నట్టు అన్నాడు.

తరవాత, సాబ్‌కు ఇచ్చిన కాగితం నకలు తెమ్మన్నాడు. తెచ్చాను. తెలుగులో చదవమన్నాడు. చదివాను. నిప్పులో కాలిన ఉక్కు, చెక్క చట్రం, ఐదు చోట్ల తుప్పు, గాలిలో తేమ. అన్నీ విన్నాడు.

"ఇండ్ల నా గడ్డి ఏడుంది?"

"లేదు బాపు."

"రాయి."

ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఎలుకలు దూరతాయని తొర్రలల్ల గడ్డి పెట్టినం, ఊడకుండ డాంబర్ పూసినం, దినాం నీళ్ళతోని కడిగినం. గందుకే తుప్పువట్టింది. మోటర్ మంచిగ లేదు. కింద నేనే అడ్డగీతలు పదిహేడు అని దిద్దాను. వేలిముద్ర వేస్తానన్నాడు. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమ బొటనవేలికి నేను ఇంకు రాశాను.

మూడో రోజు సాబ్ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. బాపు లేచి కూర్చోవడానికి చూశాడు, ఆయన వద్దన్నాడు.

"అమానత్ మే ఖయానత్ హో గయీ సాబ్," అన్నాడు బాపు. నమ్మి ఇచ్చినదానికి ద్రోహం జరిగింది అని. కాగితం ఇమ్మని నాకు కళ్ళతో చెప్పాడు.

సాబ్‌కు తెలుగు చదవడం రాదు. నేను చదివి ఉర్దూలో చెప్పాను. పదిహేడు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన నన్ను ఒకసారి చూశాడు. బొంబాయి దారిలో ఎక్కడ ఏమై ఉండేదో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. మంచం పట్టీ మీద కూర్చుని, బాపు ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"అరే మియా, గాడీచ్ తో థీ. జానే దేవ్. జాన్ బచీ, బస్."

కారే కదా, పోనీ, ప్రాణం దక్కింది, అది చాలు. మంచి మనసుతోనే అన్నాడు. అంతకంటే మంచి మాట ఆ చోట ఎవరూ అనలేరు. నేను బాపు ముఖం చూస్తున్నాను. వేళ్ళ సంగతి డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆ ముఖం అట్లా కాలేదు.

సాబ్ వెళ్ళాక ఆయన గోడ వైపు తిరిగాడు.

"కారే గద అన్నడు," అన్నాడు. కొంతసేపటికి మళ్ళీ, "పదకొండేండ్లల్ల ఒక్కనాడు గూడ నేను దాంట్ల కూసోలే."

కారును సాబ్ ఉస్తాద్‌కే వదిలేసి బొంబాయికి రైలెక్కాడు. ఉస్తాద్ పైభాగం ఊడదీయించి పురానాపూల్‌కు తీసుకుపోయాడు. పాత ఛాసిస్ మూడు ముక్కలుగా విరిగి మా కొట్టం గోడకు ఆని కొన్నాళ్ళు పడి ఉంది. అమ్మ పాలు పిండటం మొదలుపెట్టింది. బర్రెలు కొత్త చేతికి పాలు చేపలేదు. ఒక్కొక్కటే అమ్మగా, వానాకాలం వచ్చేసరికి ఆరు మిగిలాయి.

ఒకనాడు ఉస్తాద్ కబురంపాడు. గుడిమల్కాపూర్ నుంచి ఆ కాలిన ఛాసిస్ వచ్చింది, వచ్చి చూడు అని. సుత్తె, పంచ్, నోటుబుక్కు తీసుకుని వెళ్ళాను. ఆయన పక్కకు తప్పుకుని బీడీ వెలిగించుకున్నాడు. ఎడమ ఇరవై ఒకటి, కుడి ఇరవై ఒకటి. ప్రతి దెబ్బా గంటలా మోగింది. మొన ఎక్కడా దిగలేదు, గడుల్లో అన్నీ సున్నాలే.

ఇంటికి వచ్చేసరికి బాపు కొట్టంలో, కారు ఉండే చోట, తొట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ చాసీ ఎట్లుందిరా?"

"మంచిగుంది బాపు."

తల ఎత్తి నన్ను చూశాడు. "నిజమేనా?"

పుట్టి బుద్ధెరిగాక నా మాటకు ఆయన అట్లా అడగడం అదే మొదలు. నోటుబుక్కు తీసి ఆ పేజీ ఆయన ఒళ్ళో పెట్టాను. బాపుకు చదువు రాదు. సున్నా మాత్రం తెలుసు. ఎడమచేతి వేలు గడి మీద ఆనించి, పెదవులు కదిలిస్తూ, ఒక్కొక్క సున్నానే లెక్కపెట్టాడు. నలభై రెండూ అయ్యేదాకా నేను ఎదురుగా నిలబడ్డాను.